తీరం దాటేది పుదుచ్చేరి దగ్గర, మునిగేది తిరుపతి

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానకు పేరు లేదు. హుద్‌హుద్, నివర్, మిచౌంగ్ లాంటి పేరేదీ దానికి పెట్టలేదు, ఎందుకంటే అది తుఫాను స్థాయికి చేరనే లేదు. వట్టి వాయుగుండం. నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అప్పటికే తిరుమల ఘాట్ రోడ్ల మీద బండరాళ్లు పడ్డాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది, కపిలతీర్థం దగ్గర నీళ్లు ఉగ్రంగా దూకాయి, స్వర్ణముఖి రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. అదే రోజు పొద్దున పక్కనున్న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చుకుపోయింది. ఆ చెయ్యేటికి నీళ్లు మోసుకొచ్చే బాహుదా, పింఛా ఏరులు పుట్టేది అప్పటి చిత్తూరు జిల్లా కొండల్లోనే.

ఇంత నష్టం చేసింది తుఫాను కూడా కాదంటే కారణం ఉంది. వాతావరణ శాఖ తుఫానుకు హోదా ఇచ్చేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గాలి తిరుగుతుంటే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. ఎంత వాన పడుతుందన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. తీరం నుంచి వంద, నూట యాభై కిలోమీటర్లు లోపలికి ఉన్న తిరుపతి, చిత్తూరు వాళ్లకు, అంటే మనకు, గాలితో వచ్చే ముప్పు తక్కువ, నీటితో వచ్చే ముప్పే ఎక్కువ. అయినా టీవీలో పేరు వినిపిస్తే టెన్షన్ పడతాం, వాయుగుండం అంటే గొడుగు తీసి పక్కన పెట్టుకుంటాం.

ఈ మధ్య ఇంకో మాట బాగా వినిపిస్తోంది. సముద్రం వేడెక్కుతోంది కాబట్టి తుఫాన్లు దారి మార్చుకుని మన వైపు వస్తున్నాయని. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో సరిగ్గా తెలుసుకోకపోతే అక్కరలేని చోట భయపడి, భయపడాల్సిన చోట నిద్రపోతాం.

తుఫాను దారిని నిర్ణయించేది ప్రధానంగా సముద్రం కాదు, పైన వీచే గాలి. ఏటి ప్రవాహంలో పుట్టిన సుడి నీళ్లతో పాటే కిందికి జరిగిపోయినట్టు, తుఫాను కూడా తన చుట్టూ ఉన్న పెద్ద గాలి ప్రవాహంలో పడి కదులుతుంది. నేల నుంచి ఒకటిన్నర కిలోమీటరు మొదలుకొని పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా వీచే గాలులన్నీ కలిసి దాన్ని నెడతాయి. దానికి తోడు భూభ్రమణం వల్ల మన ఉత్తరార్ధగోళంలో ప్రతి తుఫానుకూ తనంతట తాను కాస్త వాయవ్యంగా జరిగే గుణం ఉంటుంది. ఆకాశంలో అధిక పీడనం ఉన్న ప్రాంతం ఎక్కడ అడ్డం నిలబడిందో, అది ఏ వైపు బలహీనపడిందో చూసి నిపుణులు దారిని అంచనా వేస్తారు.

ఈ పైగాలుల్ని కొలిచే గొప్ప సాధనం మన జిల్లాలోనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే హైవే మీద గాదంకి టోల్‌గేట్ దాటుతూ రోజూ వేలమంది దాని దగ్గరి నుంచే వెళుతుంటారు. అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఎమ్మెస్టీ రాడార్ ఉంది. ముప్ఫై రెండు వరసలు, వరసకు ముప్ఫై రెండు చొప్పున మొత్తం 1024 యాంటెన్నాలు. ఒకప్పుడు ఇళ్ల మీద టీవీల కోసం పెట్టుకున్న యాగీ రకమే, కాకపోతే వీటి ముఖం ఆకాశం వైపు. ఇవి పైకి పంపే రేడియో తరంగాలు గాలిలోని అలజడికి తగిలి, బహు సన్నటి ప్రతిధ్వనిగా తిరిగొస్తాయి. ఆ ప్రతిధ్వనిలోని తేడాను బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో తెలుస్తుంది. తుఫానును నడిపించే గాలుల్ని కొలిచే రాడార్‌ను పక్కనే పెట్టుకుని, తుఫాను దారంతా సముద్రం చేతిలో ఉందనుకోవడం మన ప్రాంతానికి తగదు.

మరి సముద్రం వేడికి దారితో సంబంధమే లేదా? ఉంది. కానీ అది దొంగదారిన వస్తుంది.

నీటి వేడి పెరిగితే తుఫాను బలపడుతుంది. బలపడిన కొద్దీ ఎత్తు పెరుగుతుంది. బలహీనమైన వాయుగుండం కింది పొరల గాలులకు లోబడి నడుస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతం మీద కింది పొరల్లో ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి గాలి వీస్తుంటుంది. అంటే వాయుగుండాన్ని ఆ గాలి తిన్నగా పడమరకు, తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు తోసుకొస్తుంది. అదే బాగా బలపడి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు లేచిన తుఫానైతే పై పొరల్లో పడమటి నుంచి వచ్చే గాలుల ప్రభావంలో పడి ఉత్తరానికి, ఒక్కోసారి ఈశాన్యానికి తిరిగిపోతుంది. సముద్రం ఇచ్చిన బలం తుఫానును ఏ పొర గాలి చేతిలో పెడుతుందో, దారి ఆ మేరకు మారుతుంది.

దీనికి 2013 డిసెంబరులో వచ్చిన మాది తుఫాను మంచి ఉదాహరణ. తమిళనాడు తీరానికి దూరంగా పుట్టి, బలపడి, దాదాపు నిటారుగా ఉత్తరానికి మచిలీపట్నం అక్షాంశం దగ్గరి దాకా వెళ్లింది. అక్కడ ఎండుగాలి లోపలికి చొరబడింది, కింద ఒకవైపు పైన ఇంకోవైపు వీచే గాలులు దాన్ని చీల్చాయి, నీటిలో వేడీ చాల్లేదు. బలం తగ్గింది, ఎత్తు తగ్గింది. వెంటనే కింది పొరల ఈశాన్య గాలులు దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పి నైరుతి దిక్కుగా వేదారణ్యం దాకా లాక్కెళ్లాయి. వచ్చిన వైపుకే తిరిగి వెళ్లిన ఆ తుఫానును మ్యాపు మీద చూస్తే పొరపాటున గీసిన గీతలా కనిపిస్తుంది. అందులో పొరపాటేమీ లేదు, బలం మారింది కాబట్టి సారథి మారాడు, అంతే.

ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు. 2020 నవంబరులో నివర్ అతి తీవ్ర తుఫానుగా బలపడి కూడా నేరుగా పుదుచ్చేరి పక్కకే వచ్చింది, ఎందుకంటే ఆ వారం పైగాలులూ అటే వీచాయి. కానీ ఒక సంగతి తిరుపతి, చిత్తూరు వాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పేరు లేని బలహీన వ్యవస్థలే తరచుగా తిన్నగా మన వైపు వస్తాయి. అవి తెచ్చే తేమ మాత్రం బలహీనం కాదు.

ఆ తేమ దగ్గరే సముద్రం వేడి నేరుగా, ఏ మధ్యవర్తీ లేకుండా పనిచేస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. 1951 నుంచి 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక చెప్పింది. ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల అదే కాలంలో 0.7 డిగ్రీలు. మన పక్కనున్న సముద్రం మిగతా వాటికంటే తొందరగా కాగుతోందన్నమాట.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. తుఫాను పుట్టడానికి నీళ్లు 26.5 డిగ్రీలు ఉంటే చాలని పాఠాల్లో చెబుతారు. మన సముద్రం ఏడాదిలో చాలా భాగం అంతకంటే వేడిగానే ఉంటుంది. కాబట్టి పైన ఎంత వేడి అన్నదానికంటే, ఆ వేడి ఎంత లోతు వరకు ఉంది, తుఫాను చిలికినప్పుడు నిలుస్తుందా అన్నది ముఖ్యం. మామూలు సముద్రంలో తుఫాను నీటిని కలియబెట్టి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి తెస్తుంది. దాంతో తన మేత తానే చెడగొట్టుకుంటుంది. బంగాళాఖాతంలో వర్షాకాలం అయిపోయేసరికి గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర కింది చల్లటి నీళ్లను పైకి సులువుగా రానివ్వదు. తుఫాను ఎంత చిలికినా ఉపరితలం అంతగా చల్లబడదు. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే వ్యవస్థలకు ఇది ఆరిపోని పొయ్యి.

అందుకే అవి నెమ్మదిగా కదిలినా చావవు. ఈ నెమ్మది నడక గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మన కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కోసిన్ 2018లో ఒక లెక్క బయటపెట్టారు. 1949 నుంచి 2016 మధ్య ప్రపంచవ్యాప్తంగా తుఫాన్లు ముందుకు కదిలే వేగం పది శాతం తగ్గిందని దాని సారాంశం. ఉపగ్రహాలు రాకముందటి రికార్డుల్లో లోపాలున్నాయి కాబట్టి ఈ లెక్కను అంత గట్టిగా నమ్మలేమని వేరే శాస్త్రవేత్తలు వాదించారు. ఆ వాదన సబబే. తుఫాన్లు ధ్రువాల వైపు జరుగుతున్నాయని ఆయనే 2014లో చెప్పిన ఇంకో మాట మనకు అసలు అతకదు, బంగాళాఖాతానికి ఉత్తరాన ఎగబాకడానికి సముద్రమే లేదు. అయితే నెమ్మదిగా కదిలే తుఫాను ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ప్రపంచ సగటు అవసరం లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క ముక్క వింటే తిరుపతికి ఏం సంబంధం అనిపిస్తుంది. కానీ అది బాపట్ల చేరే ముందు చెన్నై, సూళ్లూరుపేట, నెల్లూరు తీరాన్ని ఆనుకుని మెల్లగా ఉత్తరానికి జరిగింది. దారి పొడవునా కుమ్మరిస్తూ పోయింది. చెన్నై మునిగింది, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు చెరువులూ వాగులూ ఏకమయ్యాయి. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర నేలను తాకి, కొన్ని గంటల పాటు కదలకుండా అక్కడే కూర్చుంది. విల్లుపురం జిల్లా అతలాకుతలమైంది. ఆ కూర్చోవడం వంద కిలోమీటర్లు ఉత్తరాన జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి 2021 ఫొటోలు చాలు.

ఇక్కడే మన భూగోళం గురించి చెప్పాలి. తుఫాను చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అది పడమరకు వస్తున్నప్పుడు దాని ఉత్తరం వైపు గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి, తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దక్షిణం వైపు నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. కాబట్టి కేంద్రం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటితే తిరుపతి సరిగ్గా ఉత్తరం వైపు, అంటే తేమ లోపలికి దూసుకొచ్చే వైపు పడుతుంది. ఆ గాలికి శేషాచలం కొండలు అడ్డం. కొండను ఎక్కక తప్పని తడిగాలి పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిందంతా అక్కడే దించేస్తుంది. పాపవినాశనం, గోగర్భం, ఆకాశగంగ, కుమారధార పసుపుధార జలాశయాలు నిండేది ఇలాగే. అవి నిండిన తర్వాత పడే ప్రతి సెంటీమీటరూ కపిలతీర్థం మీదుగానో, కల్యాణి డ్యామ్ మీదుగానో కిందికి రావలసిందే.

2015 నవంబరు 9న తీవ్ర వాయుగుండం పుదుచ్చేరి దగ్గర దాటింది. 2020లో నివర్ అక్కడే. 2021 వాయుగుండం అక్కడే. 2022 డిసెంబరులో మాండూస్ కాస్త పైన, మహాబలిపురం దగ్గర. చిత్తూరు, తిరుపతి వాళ్లకు వరదలు గుర్తున్న సంవత్సరాలు ఇవే. కేంద్రం మచిలీపట్నం, కాకినాడ దగ్గర దాటుతుందంటే మనం చాలావరకు పొడి వైపు ఉంటాం. అందుకే స్క్రోలింగ్‌లో కాకినాడ పేరు చూసి మనం హడావుడి పడటం, పుదుచ్చేరి పేరు చూసి అది తమిళనాడు సంగతిలే అనుకోవడం రెండూ తలకిందులే.

ఇంకో నమ్మకం కూడా ఉంది, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వస్తే ఇలా, అది చల్లబడే లానినా వస్తే అలా అని. పసిఫిక్ ప్రభావం లేదని ఎవరూ అనరు. కానీ 2015 బలమైన ఎల్‌నినో సంవత్సరం, 2020, 2021 లానినా సంవత్సరాలు. మూడింట్లోనూ స్వర్ణముఖి పొంగింది. ఒకే సూచికను పట్టుకుని ఈ ఏడు ధీమాగా ఉండొచ్చు అనుకుంటే నష్టపోతాం.

అరేబియా సముద్రం కథ వేరు. ఒకప్పుడు చల్లగా ఉండే ఆ సముద్రం వేడెక్కి, 2001 నుంచి 2019 మధ్య అంతకుముందు రెండు దశాబ్దాలతో పోలిస్తే తుఫాన్లు 52 శాతం పెరిగాయి. అదే కాలంలో బంగాళాఖాతంలో కాస్త తగ్గాయి. ఈ తగ్గుదలను చూసి సంబరపడాల్సిందేమీ లేదు. సంఖ్య తగ్గినా, వర్షాకాలం తర్వాత వచ్చే అతి తీవ్ర తుఫాన్లు ఈ శతాబ్దంలో పెరిగాయని పైన చెప్పిన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదికే అంటోంది.

తీరం దాటాక తుఫాను బలహీనపడుతుంది, ఇక ఫరవాలేదు అనే మాట కూడా పాతబడింది. 2020లో లిన్ లీ, పినాకి చక్రవర్తి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉత్తర అమెరికా తీరం దాటిన హరికేన్లను పరిశీలించారు. 1960ల చివర్లో తీరం దాటిన మొదటి రోజులో అవి తమ బలంలో ముప్పావు వంతు కోల్పోయేవి, ఇప్పుడు సగమే కోల్పోతున్నాయి. వేడి సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమ నేల మీద కూడా కొంతసేపు ఇంధనంగా పనిచేస్తోందని వాళ్ల వివరణ. ఆ సంఖ్యలు అమెరికావి, మనకు నేరుగా అంటించకూడదు. కానీ తేమ పనిచేసే పద్ధతి ఎక్కడైనా ఒకటే. మనం ఉన్నది తీరానికి వంద, నూట యాభై కిలోమీటర్ల లోపల, సరిగ్గా ఆ మొదటి రోజు ప్రయాణంలో తగిలే చోట.

వాతావరణ శాఖ మీద ఊరికే విరుచుకుపడేవాళ్లతో నేను ఏకీభవించను. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. ఇప్పుడు అంతటి తుఫాను వచ్చినా అన్ని ప్రాణాలు పోవు. ఒక రోజు ముందు ఇచ్చే అంచనాలో తుఫాను కేంద్రం ఎక్కడ ఉంటుందన్నదానికి తేడా ఇప్పుడు సగటున 75 కిలోమీటర్ల లోపే ఉంటోంది. ఇది చిన్న విజయం కాదు. కానీ మనకు ఆ 75 కిలోమీటర్లే ప్రాణం. చెన్నైకి దక్షిణాన దాటితే కొండలకు కుంభవృష్టి, అదే గీత అంత దూరం ఇటో అటో జరిగితే వాన సూళ్లూరుపేటకో, తిరువణ్ణామలైకో పోతుంది. దారి అంచనా ఇంకా మెరుగుపడినా ఈ సందిగ్ధం పూర్తిగా పోదు. పోదని తెలిసినప్పుడు దాని చుట్టూ ఏర్పాట్లు చేసుకోవాలి.

నా వాదన ఇదే. మన రెండు జిల్లాలకు హెచ్చరిక తీరం దాటే చోటును, తుఫాను హోదాను బట్టి ఇవ్వకూడదు. ఏ పరివాహకంలో ఎన్ని సెంటీమీటర్లు పడొచ్చు అన్నదాన్ని బట్టి ఇవ్వాలి. స్వర్ణముఖికి ఒక లెక్క, చిత్తూరు నీవా నదికి ఒక లెక్క, పిచ్చాటూరు అరణియార్‌కు ఒక లెక్క, నగరి కుశస్థలికి ఒక లెక్క. వాయుగుండం అనే మాట పక్కన "గాలి తక్కువ, వాన ఎక్కువ" అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. అది ఎంత మెల్లగా కదులుతోందో కూడా చెప్పాలి. గంటకు ఇరవై కిలోమీటర్లతో వచ్చేదానికీ, అయిదు కిలోమీటర్లతో పాకేదానికీ మన చెరువు కట్టల మీద పడే బరువులో నాలుగింతల తేడా ఉంటుంది.

ఈ వానలు మనకు శత్రువులు కావు, అది మరిచిపోతే ఆలోచనంతా తప్పుతుంది. వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లు పడని మండలాలున్న ప్రాంతం మనది. ఏడాది వానలో నలభై శాతం దాకా ఈశాన్య రుతుపవనాలే ఇస్తాయి, అందులో పెద్ద వాటా ఈ అల్పపీడనాలు, వాయుగుండాలదే. ఒక్కటీ రాని ఏడు చెరువుల్లో నీళ్లుండవు, బోర్లు ఎండుతాయి. పేరూరు, అవిలాల, తుమ్మలగుంట లాంటి గొలుసుకట్టు చెరువులను పెద్దలు తవ్వింది ఆ నాలుగు రోజుల వానను ఆపుకోవడానికే. పై చెరువు నిండి మరవ (అలుగు) పోతే ఆ నీళ్లు వంక పట్టుకుని కింది చెరువుకు చేరాలి. ఆ వంకల మీద ప్లాట్లు వేశాక నీళ్లు పాత దారినే వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తున్నాయి. సముద్రం వేడెక్కకపోయినా ఇది జరిగేది. వేడెక్కడం వల్ల ఇంకా తరచుగా, ఇంకా ఎక్కువగా జరుగుతుంది.

2021లో తిరుపతి దగ్గరి రాయలచెరువులో జరిగింది ఒకసారి చూడండి. వాయుగుండం తీరం దాటి, బలహీనపడి, టీవీల్లో వార్త పాతబడిన తర్వాత కట్ట నుంచి నీళ్లు ఊరడం కనిపించింది. కింది ఊళ్ల జనం పిల్లల్నీ పశువుల్నీ తోలుకుని మెరక ప్రాంతాలకు పోయారు, కట్టకు ఇసుక బస్తాలు వేశారు. కట్ట నిలిచింది. వాన ఆగినా కొండల్లోని నీళ్లు ఇంకా దిగుతూనే ఉంటాయి, మట్టి కట్ట లోపల నానుతూనే ఉంటుంది. హెచ్చరిక ఎత్తివేసేది ఆకాశం తెరిపి ఇచ్చినప్పుడు కాకుండా, చెరువుకు వచ్చే నీటికంటే మరవ మీద పోయే నీరు ఎక్కువైనప్పుడు. అప్పటిదాకా ప్రతి పెద్ద చెరువు కట్ట మీద రాత్రీ పగలూ మనిషి ఉండాలి, అతని చేతిలో కింది ఊళ్ల ఫోన్ నంబర్లుండాలి. తూములు, మరవలు అక్టోబరు రాకముందే చూసి సరిచేసి ఉండాలి. దీనికి పెద్ద పరిశోధనలేమీ అక్కర్లేదు, నీటిపారుదల శాఖలో ఖాళీగా ఉన్న లష్కర్ (చెరువులు, కాలువలు కనిపెట్టుకుని ఉండే మనిషి) పోస్టుల్ని భర్తీ చేస్తే చాలావరకు అయిపోతుంది.